గాలి లేచిన వేళ కృష్ణ ఒడ్డున

నారాయణపేట అనగానే తెలుగు ఇళ్లలో ముందుగా గుర్తుకు వచ్చేది చీర. గళ్ల నేత, గోపురపు అంచు, తెల్లవారకముందే మొదలయ్యే మగ్గం చప్పుడు ఈ ఊరి ఆనవాళ్లు. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ ఒకే బజారులో వినవచ్చే ఈ సరిహద్దు పట్టణం 2019 ఫిబ్రవరి 17న జిల్లా కేంద్రమయింది. చుట్టూ చూస్తే మెట్ట పొలాలు, కందిచేలు, బండరాళ్ల గుట్టలు. వాన కోసం ఆకాశం వంక చూడడం అలవాటైన పాలమూరు నేల ఇది. ఇక్కడ పడవల గురించి మాట్లాడబూనడం కొందరికి వింతగా తోచవచ్చు.

కాని తెలంగాణలో కృష్ణానది తొలి అడుగు పెట్టేది ఈ జిల్లాలోనే. కృష్ణా మండలంలోని తంగిడి వద్ద నది రాష్ట్రంలోకి ప్రవేశిస్తుంది. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక మీదుగా సుదీర్ఘంగా ప్రయాణించి వచ్చిన భీమా నది ఆ పరిసరాల్లోనే కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుండి జూరాల ఆనకట్ట దిశగా నది మక్తల్ ప్రాంతాన్ని ఒరుసుకుంటూ, దీవులను చుట్టుకుంటూ, కొన్నిచోట్ల పెద్ద చెరువులా విశాలమై సాగుతుంది. ఈ నీటి మీద మనుషులు తరతరాలుగా చిన్న పడవల్లో రాకపోకలు సాగించారు. ఆషాఢంలో పడమటి గాలి లేచినప్పుడు చిన్న పడవను ఎలా నడపాలి, ఎప్పుడు అసలు నడపకూడదు అన్న విద్య ఈ ఒడ్డున చాలా పాతది. కాళ్లతో తొక్కుతూ, తెరచాప సాయంతో నడిపే కొత్తరకం కయాక్‌లను నేడు విదేశాల్లోని సముద్ర తీరాల్లో మన పిల్లలు సరదాగా ఎక్కుతున్నారు. వాటికి కూడా వర్తించేది ఆ పాత విద్యే. ఆ సంగతి తెలుసుకోవడం వినోదానికి మాత్రమే కాదు, ప్రాణరక్షణకు కూడా అవసరం.

మక్తల్ మీదుగా నదికి

నారాయణపేట నుండి దక్షిణంగా మక్తల్ చేరి, హైదరాబాదు నుండి రాయచూరుకు పోయే రహదారి పట్టుకుంటే దారి కృష్ణ ఒడ్డుకు చేరుస్తుంది. అక్కడ నదిని దాటించే పాత వంతెనలు రెండున్నాయి. ఒకటి రైలు వంతెన. బొంబాయి నుండి వచ్చిన రైలుమార్గమూ, మద్రాసు నుండి వచ్చిన రైలుమార్గమూ 1871లో రాయచూరు వద్ద ఒకటయ్యాయి. ఆ దారిలో వెళ్లే రైలు కృష్ణ స్టేషను దాటిన కొద్దిసేపటికే నది మీదకు వస్తుంది. రెండవది దేవసుగూరు వద్ద నిజాం కాలంలో నిర్మించగా 1943లో పూర్తయిన రోడ్డు వంతెన. దాని పేరు సిరాతె జూదీ.

సిరాత్ అంటే మార్గం. జూదీ అన్న మాట వినగానే నూహ్ (అలైహిస్సలాం) ఓడ వచ్చి నిలిచిన పర్వతం మన మనసులో మెదులుతుంది. హైదరాబాదు కింగ్ కోఠీలో ఏడవ నిజాం సమాధి ఉన్న మసీదు పేరు కూడా జూదీయే. మహాజలప్రళయాన్ని దాటి ఒడ్డు చేరిన ఓడను తలపించే పేరు కృష్ణ మీది వంతెనకు ఉండడం ఆలోచింపజేస్తుంది. ఎందుకంటే వంతెనలు రాకముందు ఈ నదిని దాటడం ప్రతిసారీ ఒక చిన్న పరీక్షే. ఆ పరీక్షకు ఇక్కడి మనుషులు తయారు చేసుకున్న వాహనం పుట్టి.

గుండ్రని పడవ

పుట్టి చూడడానికి పెద్ద వెదురు బుట్టలా ఉంటుంది. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, వెలుపల నీరు చొరకుండా కప్పు వేస్తారు. పూర్వం ఆ కప్పు పశువుల తోలు. తరువాత కాలంలో ప్లాస్టిక్ పట్టా, తారు దాని స్థానంలోకి వచ్చాయి. గోల్కొండ రాజ్యంలో వజ్రాల గనుల దారిన ప్రయాణించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలోనే, ఎద్దుతోలు కప్పిన బుట్టల్లో నదులు దాటిన వైనాన్ని తన యాత్రాగ్రంథంలో వివరించాడు. సామాను తడవకుండా అడుగున కట్టెలు పరిచి, వాటి మీద తివాచీలు వేసేవారట.

ఇలాంటి గుండ్రని పడవ మన దేశానికే పరిమితం కాదు. బాగ్దాదులో దజ్లా నది మీద గుఫ్ఫా అనే పడవలు 20వ శతాబ్దంలో కూడా తిరిగాయి. బుట్ట అల్లిక అదే, ఆకారం అదే. కప్పు మాత్రం నేల నుండి ఊరే సహజమైన తారు పూత. వేల మైళ్ల దూరంలోని రెండు నదుల ఒడ్డున జనం ఒకే పరిష్కారానికి వచ్చారంటే దానికి కారణం ఉంది. తేలికైన పుట్టిని ఒక మనిషి వీపు మీద వేసుకుని మోయగలడు. అడుగు చదునుగా ఉన్నందున జానెడు లోతు నీటిలోనూ అది తేలుతుంది. రాళ్లు తగిలినా వెదురు సాగి సర్దుకుంటుంది. బండరాళ్లతో నిండిన కృష్ణకు ఇంతకంటే తగిన పడవ దొరకదు.

మక్తల్ మండలంలోని పంచదేవ్‌పహాడ్ రేవు నుండి నది మధ్యలోని దీవులకు ఇలాంటి పడవల్లో ప్రయాణం సాగుతూ వచ్చింది. దత్త క్షేత్రంగా పేరొందిన కురువపురానికి యాత్రికులు ఈ దారినే వెళతారు. దీవిలో నివసించేవారు ఉప్పు, పప్పు, మందుల కోసం ఈ దారినే ఒడ్డుకు వస్తారు. యాత్రికునికి అది ఒకనాటి అనుభవం. దీవివాసికి మాత్రం అది నిత్యజీవితం. గాలి, వరద ఎలా ఉన్నా ఇంటికి చేరవలసినవాడు అతడే.

పుట్టి మీద గాలి పని

నిలకడ నీటిలో పుట్టి ఎంత సాధువో, గాలిలో అంత మొండిది. నీటి అడుగున దానికి వెన్నుగాడి లేదు. కోసుగా నీటిని చీల్చే ముక్కు లేదు. నీటి పైన లేచి ఉండే గుండ్రని గోడే గాలికి తెరచాప అవుతుంది. తెరచాపనైతే దించవచ్చు, పుట్టి గోడను దించలేము. అందుకే గాలి తోసిన వైపుకు అది జారుతుంది, లేదా ఉన్నచోటనే బొంగరంలా తిరుగుతుంది.

దీనిని అదుపులో పెట్టే పద్ధతులు అనుభవం నేర్పినవి. పుట్టివాడు తెడ్డును ముందువైపు వేసి నీటిని తనవైపుకు లాక్కుంటూ పోతాడు. తెడ్డును ఒకే పక్కకు లాగితే పుట్టి గిరగిర తిరుగుతుంది కనుక ఎనిమిది అంకె గీసినట్లు అటూ ఇటూ తిప్పుతాడు. లోతు తక్కువైన చోట వెదురు గడను నేలకు ఆనించి నెడతాడు. చేరవలసిన రేవుకు ఎదురుగా ఎప్పుడూ బయలుదేరడు. ఒడ్డు వెంబడి ఎగువకు పోయి అక్కడి నుండి అడ్డంగా దాటుతాడు. మధ్యలో ప్రవాహమూ గాలీ కలిసి కిందకు తోసినా, తోపు పూర్తయ్యేసరికి రేవు ఎదురవుతుంది. ప్రయాణికులను నేలకు ఆనుకుని కూర్చోమంటాడు, మధ్యలో లేవనివ్వడు. బరువు ఎంత కిందుగా ఉంటే పడవ అంత స్థిరం.

వేళ కూడా ఈ విద్యలో భాగమే. వర్షాకాలంలో తెల్లవారుజామున గాలి మందంగా ఉండి, పొద్దెక్కి నేల వేడెక్కే కొద్దీ ఊపందుకుని, సాయంత్రానికి మళ్లీ తగ్గడం సర్వసాధారణం. గాలి ఉన్నప్పుడే తూర్పారపట్టుకోవాలని రైతు సామెత. నది దాటేవానికి ఆ సామెత తలక్రిందులు: గాలి లేనప్పుడే పని చక్కబెట్టుకోవాలి.

ఇక్కడి భూస్వరూపం ఈ జాగ్రత్తను మరింత అవసరం చేస్తుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో గాలి పడమటి నుండి తూర్పుకు వీస్తుంది. ఈ భాగంలో నది పోకడ కూడా ఇంచుమించు తూర్పుకే. అంటే గాలి, నీరు రెండూ పడవను ఒకే దిక్కుకు, జూరాల వైపుకు తోస్తాయి. పోయేటప్పుడు ప్రయాణం హాయిగా ఉంటుంది. ఎంత దూరం వచ్చామో, తిరిగి రావడానికి ఎంత శ్రమపడాలో అప్పుడు తెలియదు. వెనుదిరిగిన క్షణంలో రెండు శక్తులూ ఒక్కసారిగా ఎదురు నిలుస్తాయి. 2020 ఆగస్టులో వరద పారుతున్నప్పుడు ఈ రేవు వైపు సాగే పుట్టి ఒకటి ప్రవాహంలో తలక్రిందులై కొందరు గల్లంతయ్యారు. వాళ్లు విహారానికి వచ్చినవారు కారు, నిత్యావసరాల కోసం నది దాటినవారు. తెలుగులో ఏ చిన్న తొందరకైనా “ఇప్పుడేం పుట్టి మునిగిందని?” అంటాం. ఆ మాట ఈ ఒడ్డున జాతీయం కాదు, జ్ఞాపకం.

గాలి లెక్క

గాలి బలం దాని వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే అది పడవ మీద వేసే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. వేగం మూడింతలైతే ఒత్తిడి తొమ్మిదింతలు. పది కిలోమీటర్ల గాలిలో ఆహ్లాదంగా అనిపించిన పడవ ఇరవై కిలోమీటర్ల గాలిలో వేరే పడవ అయిపోయినట్లు తోచేది ఇందుకే. మనిషి బలం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

రెండవ లెక్క నీటి విశాలత. అడ్డులేని నీటి మీద గాలి ఎంత దూరం పరుగెడితే అల అంత పెద్దదవుతుంది. గాలి వచ్చే వైపు ఒడ్డున, చెట్ల చాటున నీరు అద్దంలా ఉంటుంది. అదే గాలి అవతలి ఒడ్డుకు చేరేసరికి కెరటాలు లేస్తాయి. మన నదులు ఆనకట్టల వెనుక జలాశయాలుగా విస్తరించిన తరువాత ఈ లెక్క ప్రాముఖ్యం పెరిగింది. ఇరుకైన నదిలో పడవ నడిపిన అనుభవం విశాలమైన జలాశయంలో సరిపోదు.

దీనికి నిదర్శనం ఇదే భీమా నది మీద ఎగువన ఉంది. మహారాష్ట్రలో భీమాపై కట్టిన ఉజనీ జలాశయంలో 2024 మే 21న సాయంత్రం ఒక పడవ ఈదురుగాలికి బోల్తాపడి ఆరుగురు మరణించారు. ఒక ఒడ్డు ఊరి నుండి మరో ఒడ్డు ఊరికి పోతున్న మామూలు ప్రయాణం అది. గోదావరి మీద మంటూరు సమీపంలో 2018 మే 15న లాంచీ మునిగినప్పుడు కూడా బలమైన గాలే కారణమయింది. గాలీ వానా లోపలికి కొట్టకుండా తలుపులు మూసుకున్నవారికి బయటపడే దారి లేకపోయింది. రెండూ మే నెలలోనే జరిగాయి. ఎండాకాలం చివర, మధ్యాహ్నం ఉక్కపోత తరువాత పడమట నల్లమబ్బు లేస్తే, వానకంటే ముందు గాలి వస్తుంది. ఆ మబ్బు కనిపించినప్పుడే ఒడ్డు చేరాలి. మొదటి చినుకు పడేదాకా చూస్తే ఆలస్యమైనట్లే.

తొక్కుడు పడవకు తెరచాప

ఇప్పుడు కొత్త పడవ సంగతికి వద్దాం. కయాక్ అంటే సన్నని, పొడవైన తేలిక పడవ. సాధారణంగా దానిని రెండువైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుతారు. వికారాబాద్ జిల్లాలోని కోట్‌పల్లి జలాశయం వల్ల ఈ మాట మన ప్రాంతంలోనూ పరిచయమయింది. అమెరికాలోని హోబీ సంస్థ 1997లో కాళ్లతో తొక్కే కయాక్‌ను తెచ్చింది. సైకిలులా గుండ్రంగా కాకుండా పాదాలను ఒకదాని తరువాత ఒకటి ముందుకు నెడితే, పడవ అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ పక్షి రెక్కల్లా ఇటూ అటూ ఊగి పడవను నడుపుతాయి. తరువాత అలాంటి పడవకే రెండు పక్కలా సన్నని తేలుడు దోనెలు, మధ్యలో తెరచాప అమర్చారు. కాళ్ల బలం, గాలి బలం రెండూ వాడుకునే పడవ తయారయింది. చేతులు ఖాళీగా ఉంటాయి కనుక ఒకటి చుక్కానికి, మరొకటి తెరచాప తాడుకు సరిపోతాయి.

పుట్టికి లేని ఒక గొప్ప సదుపాయం దీనికి ఉంది. తెరచాపను దాని కొయ్య చుట్టూ చాపలా చుట్టివేయవచ్చు. ఒక తాడు లాగితే కొంత, ఇంకా లాగితే సగం, పూర్తిగా లాగితే మొత్తం చుట్టుకుంటుంది. గాలికి ఎంత అప్పగించాలో నిర్ణయించే అధికారం నడిపేవాని చేతిలో ఉంటుంది. బలమైన గాలిలో ఈ పడవను నడిపే నేర్పంతా ఆ అధికారాన్ని సకాలంలో వాడుకోవడమే.

మొదటి నియమం, తెరచాపను ఒడ్డుననే తగ్గించుకోవడం. నీటి మీద తెల్లని నురగ తలలు అక్కడక్కడా విరివిగా కనిపిస్తున్నాయంటే గాలి వేగం గంటకు ఇరవై కిలోమీటర్లు దాటినట్లే. అప్పుడు సగం తెరచాపతో బయలుదేరాలి. గాలి సరిపోలేదనిపిస్తే నీటి మీద విప్పుకోవడం సులువు. ఎక్కువైన గాలిలో చుట్టుకోవడం కష్టం. తగ్గించాలా అన్న సందేహం కలిగితే, తగ్గించవలసిన సమయం వచ్చిందనే దానికి అర్థం.

రెండవది, తెరచాప తాడును చేతిలోనే ఉంచుకోవడం. దానిని ఎక్కడా బిగించి కట్టకూడదు. అకస్మాత్తుగా గాలి విసిరినప్పుడు తాడు వదిలితే తెరచాప జెండాలా రెపరెపలాడుతుంది, పడవ మీద తోపు ఆగిపోతుంది. ఆ పడవకు అదే బ్రేకు. తాడు కట్టి ఉంటే ఆ తోపంతా పడవను పక్కకు ఒరిగిస్తుంది.

మూడవది, పక్క దోనెను కనిపెట్టి ఉండడం. గాలి పోయే వైపున్న దోనె నీటిలో కొంత దిగడం సహజం. అది పూర్తిగా మునిగి ముక్కు కిందకు దూస్తుంటే పడవ మోయగలిగిన దానికంటే ఎక్కువ తెరచాప పైన ఉందన్నమాట. వెంటనే తాడు సడలించి, శరీరాన్ని గాలి వచ్చే వైపుకు వాల్చి, తెరచాపను చుట్టాలి. చుక్కాని చేతిని బలంగా లాగుతూ పడవ తనంతట తానే గాలివైపుకు తిరగజూడడం కూడా ఇదే హెచ్చరిక. రేవులో ఇరుకుగా ఉందని దోనెలను మడిచినవారు నీటిలోకి పోయే ముందు వాటిని చాచి గట్టిగా బిగించాలి.

నాలుగవది, మలుపు. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు. ఏటవాలుగా కొంత ఇటు, కొంత అటు పోతూ ముందుకు సాగుతుంది. దిశ మార్చేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా వచ్చిన క్షణంలో తేలిక పడవ వేగం కోల్పోయి నిలిచిపోతుంది, తరువాత వెనక్కు కొట్టుకుపోతుంది. అక్కడే కాళ్ల విలువ తెలుస్తుంది. తొక్కడం ఆపకుండా చుక్కాని తిప్పితే పడవ ఆ క్షణాన్ని దాటేస్తుంది. గాలిని వీపు వైపు ఉంచి తిరిగితే తెరచాప ఒక పక్క నుండి మరో పక్కకు ఫెళ్లున విసురుతుంది. బలమైన గాలిలో ఆ మలుపు మానుకుని, గాలికి ఎదురుగానే తిరగాలి.

ఐదవది, ముందు ఎదురుగాలికి పోయి తరువాత గాలివాలుకు తిరిగి రావడం. పుట్టివాడు ఎగువకు పోయి దాటడంలో ఉన్న తెలివి ఇదే. బలం ఉన్నప్పుడు కష్టమైన దారి పూర్తిచేస్తే, అలసిన తరువాత గాలే ఇంటికి తెస్తుంది. తెరచాప పూర్తిగా చుట్టి, కేవలం కాళ్లతో తొక్కి గాలికి ఎదురు పోగలుగుతున్నామా అని ఒడ్డు దగ్గరనే పరీక్షించుకోవాలి. పోలేకపోతున్నామంటే ఆ రోజు నీటి మీద పని లేదు. రాళ్లు, లోతు తక్కువ నీరు ఎదురైతే ఒక పాదాన్ని పూర్తిగా ముందుకు నెట్టి ఉంచితే అడుగు రెక్కలు పడవ పొట్టకు అంటుకుంటాయి. కృష్ణ వంటి బండరాతి నదిలో ఇది మరవకూడదు.

ఇంత చేసినా పడవ బోల్తాపడవచ్చు. అప్పుడు పడవను వదిలి ఒడ్డుకు ఈదబోవడం ప్రాణాంతకం. ఒడ్డు నీటి మట్టం నుండి చూస్తే ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తుంది. ఖాళీ పడవను గాలి ఈతగానికంటే వేగంగా తోసుకుపోతుంది కనుక ఒకసారి వదిలితే తిరిగి అందదు. పడవ తేలుతూనే ఉంటుంది, దూరం నుండి కనిపిస్తుంది. దానిని పట్టుకున్నవాడు కూడా కనిపిస్తాడు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. పడవలో పెట్టిన జాకెట్ గాలిలో ఎవరినీ కాపాడదు. దానికి ఒక ఈల, నీరు చొరని సంచిలో ఫోను తోడైతే మంచిది.

గల్ఫ్ తీరంలో మనవారు

పాలమూరు నుండి, హైదరాబాదు నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కుటుంబాలు సెలవు రోజుల్లో కయాక్ ఎక్కే అవకాశాలు అక్కడ ఎక్కువ. అబూధాబీలోని జుబైల్ మడ అడవుల్లో, ఖతర్‌లోని అల్ థకీరా మడ అడవుల్లో కయాక్ విహారం ప్రసిద్ధం. ఆ సముద్రానికి షమాల్ అనే గాలి ఉంది. షమాల్ అంటే అరబీలో ఉత్తరం. వాయవ్యం నుండి వీచే ఈ గాలి వేసవిలో రోజుల తరబడి ధూళితో కలిసి వీస్తుంది.

ఈ గాలి ఖతర్ తూర్పు తీరంలో నేల మీదుగా వచ్చి సముద్రంలోకి పోతుంది. ఇలాంటి గాలి అన్నింటికంటే మోసకారి. ఒడ్డు దగ్గర అలలు ఉండవు, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, పిల్లలు ఉత్సాహపడతారు. కాస్త లోపలికి పోయేసరికి గాలి పడవను నడిసముద్రం వైపు తోస్తుంది. సముద్రం నుండి నేలకు వీచే గాలిలో అలలు భయపెడతాయి గాని, చేతకానప్పుడు అది మనల్ని ఒడ్డుకే చేరుస్తుంది. కనుక నీటి ఒడ్డున నిలబడిన తల్లిదండ్రులు మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘గాలి ఎంత ఉంది’ అన్నది మాత్రమే కాదు, ‘గాలి ఎటు పోతోంది’ అన్నది కూడా. గుప్పెడు ఇసుక పైకి విసిరితే జవాబు తెలుస్తుంది.

హుస్సేన్ సాగర్ పాఠశాల

గాలిని భయపడి వదిలేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గాలిలో పడవ నడపడం నేర్పే చోటు మన రాజధాని నడిబొడ్డునే ఉంది. ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలంలో, 16వ శతాబ్దంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్విన హుస్సేన్ సాగర్ మీద ఏటా వర్షాకాలంలో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. ఆ కాలాన్ని ఎంచుకోవడానికి కారణం, మన పొలాల మీదుగా వీచే ఆ నైరుతి గాలే. 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఈ క్రీడలో శిక్షణ ఇస్తూ జాతీయ పోటీలకు పంపుతోంది.

ప్రపంచమంతటా ఈ శిక్షణలో పిల్లలకు తొలినాళ్లలోనే నేర్పే పాఠం పడవను కావాలని బోల్తా కొట్టించి, తిరిగి నిలబెట్టి, లోపలి నీరు తోడిపోయడం. పడిపోవడాన్ని ముందుగానే అభ్యాసం చేసిన బిడ్డకు నిజంగా పడినప్పుడు గుండె జారదు. పిల్లలు నీటిపై ఉన్నంతసేపూ పక్కన రక్షణ పడవ తిరుగుతుంది. అదే గాలి, అదే నీరు. శిక్షణ, జాకెట్, పక్కన కనిపెట్టి ఉండే మనిషి తోడైతే అది క్రీడ. అవి లేకపోతే అపాయం.

మౌసిమ్ నేర్పిన ఓర్పు

ఋతుపవనాలకు ఇంగ్లీషువారు వాడే మాన్సూన్ అన్న పేరు అరబీలోని మౌసిమ్ నుండి వచ్చింది. మౌసిమ్ అంటే తగిన కాలం, ఋతువు. గాలిని బట్టి ప్రయాణకాలాన్ని నిర్ణయించుకున్న అరబ్బు నావికుల భాషలో గాలికీ, కాలానికీ ఒకే పేరు కుదిరింది. నేటి రాస్ అల్ ఖైమాకు చెందిన జుల్ఫార్‌లో పుట్టిన 15వ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ తన నౌకాశాస్త్ర గ్రంథంలో ఏ రేవు నుండి ఏ ఋతువులో బయలుదేరాలో వివరంగా చర్చించాడు. హిందూ మహాసముద్రాన్ని దాటగలిగిన ఆ నావికులు నైరుతి గాలి ఉధృతంగా ఉన్న నెలల్లో మలబారు తీరానికి పడవలు తేకుండా ఆగిపోయేవారు. వారి సాహసానికి ఆ ఆగడం మచ్చ తేలేదు. వారి నైపుణ్యంలో అది ఒక భాగం.

ఒంటెను ముందుగా కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) ఉపదేశం మన ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. నీటి ఒడ్డున దాని అర్థం స్పష్టం. జాకెట్ కట్టుకోవడం, తెరచాప తగ్గించడం, గాలి దిక్కు చూడడం ఆ ఒంటెను కట్టడమే. ఇవి చేయకుండా పెదవులపై తవక్కుల్ పలికి పడవ ఎక్కితే ఆ ఉపదేశాన్ని సగమే విన్నట్లు.

నదీ ప్రమాదాల్లో మళ్లీ మళ్లీ కనిపించే విషయం ఒకటి ఉంది. చాలాసార్లు తప్పుడు నిర్ణయం నీటి మీద జరగదు, ఒడ్డు మీదే జరుగుతుంది. చీకటి పడుతోందని తొందర, ఇంత దూరం వచ్చాం కదా అన్న మొహమాటం, నలుగురు ఎక్కవలసిన చోట ఆరుగురిని ఎక్కించే సర్దుబాటు, భయపడుతున్నావా అన్న హేళన. ఇవన్నీ గాలికంటే ముందు పడవలోకి ఎక్కి కూర్చుంటాయి. కుటుంబంతో ప్రయాణించేటప్పుడు ఈ మొహమాటం మరీ బలమైనది. వద్దు అన్నవారు పిరికివారుగా ముద్రపడతారు. ఆ ముద్రకు వెరవకుండా “ఈ రోజు వద్దు” అనగలిగిన పెద్ద ఒకరు ప్రతి బృందంలోనూ ఉండాలి. ఆ మాట ఇంటావిడ అన్నా, పదేళ్ల పిల్లవాడు అన్నా, పడవవాడు అన్నా మిగిలినవారు వాదన లేకుండా వినాలని ఇంటి నుండి బయలుదేరే ముందే ఒప్పుకోవాలి. పడవవాడు రాను అన్నప్పుడు ఇంకో వంద ఎక్కువ ఇస్తామని ఆశపెట్టడం అతని ప్రాణంతో పాటు మన బిడ్డల ప్రాణాన్ని కూడా బేరానికి పెట్టడమే.

నారాయణపేటకు చీరల కోసం వచ్చేవారు వీలు చూసుకుని మక్తల్ మీదుగా కృష్ణ ఒడ్డుకు కూడా వెళ్లాలి. ఉదయపు ఎండలో ఆ నది విశాలత, దీవుల పచ్చదనం, బోర్లించి ఆరబెట్టిన పుట్టి మీది వెదురు అల్లిక చూడదగినవి. పిల్లలకు ఆ గుండ్రని పడవ చూపి, బాగ్దాదు నది మీద కూడా ఇలాంటిదే తిరిగేదని చెప్పవచ్చు. నీరు నిలకడగా ఉండి, పడవవాడు సరేనంటే, జాకెట్లు కట్టుకుని ఎక్కవచ్చు. గాలి లేస్తే ఒడ్డునే కూర్చుని తెచ్చుకున్న అన్నం తిని, నదిని కళ్లారా చూసి తిరిగి రావచ్చు. మళ్లీ వారం వెళ్లవచ్చు. ఒక రోజు ఆగినంత మాత్రాన ఏ పుట్టీ మునగదు.